పదికల్లా నీడకు: నర్సింగి నుంచి చేవెళ్ల మీదుగా వేసవి సైకిల్ రైడ్

వేసవి రైడ్ ప్లాను రాసేటప్పుడు కాగితం మీద మేం మొదట వేసే అంకె పది. బయల్దేరే సమయం కాదది, ఆఖరి మనిషి సైకిల్ దిగి నీడలో కూర్చోవాల్సిన సమయం. మే నెలలో హైదరాబాద్ చుట్టుపక్కల గాలి వేడి 35 డిగ్రీలు దాటేది ఇంచుమించు ఆ వేళకే. మన చర్మం వేడి కూడా దాదాపు అంతే ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపు, సైకిల్ కదులుతుంటే తగిలే గాలి ఒంటిలోని వేడిని లాక్కుపోతుంది. దాటిందంటే అదే గాలి ఒంటికి వేడి ఎక్కిస్తుంది, ఇక చెమట ఆరడం ఒక్కటే దిక్కు. అందుకే పది నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే బయల్దేరే సమయం దానంతటదే తేలుతుంది. మాకది తెల్లవారుజామున 4:45.

దారి సుమారు 80 కిలోమీటర్లు. నర్సింగి దగ్గర సైకిల్ ట్రాక్ ఎక్కి కొల్లూరు, అక్కణ్నుంచి శంకర్‌పల్లి, అక్కడ దక్షిణానికి తిరిగి చేవెళ్ల, తిరుగు ప్రయాణం మొయినాబాద్ మీదుగా పోలీస్ అకాడమీ జంక్షన్, మళ్లీ ట్రాక్ మీద నర్సింగి. ఇదే దారి తిరగేసి కూడా పోవచ్చు. చాలామంది అలాగే పోతారు, ముందు చేవెళ్ల రోడ్డే ఎక్కుతారు. మేం వద్దనడానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది చీకటి. 4:45 నుంచి సూర్యోదయం దాకా ఇంచుమించు గంటసేపు చీకట్లో తొక్కాలి. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్‌లో నర్సింగి నుంచి కొల్లూరు దాకా ఉన్న ముక్క 14.5 కిలోమీటర్లు. దీపాలున్నాయి, పైన కప్పుంది, బండ్లు రావు. చీకటి గంటను గడపడానికి అంతకన్నా మంచి చోటు ఈ పక్క లేదు. చేవెళ్ల రోడ్డు అలా కాదు. రెండు వరుసలదే, తారు అంచు దాటగానే మర్రి మొదళ్లు, పక్కకు తప్పుకునేందుకు జాగా ఉండదు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ బస్సును ఢీకొని ఎందరో ప్రాణాలు పోయింది ఆ రోడ్డు మీదే. చీకట్లో గుంపును దాని మీద నడిపించడం మాకు సమ్మతం కాదు.

రెండోది నేల వాలు. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుకు పారుతూ గండిపేట చెరువులో కలుస్తుంది. అంటే పడమరకు పోయేటప్పుడు మొత్తమ్మీద ఎక్కుడు, తూర్పుకు వచ్చేటప్పుడు దిగుడు. చేవెళ్ల దాకా ఎక్కుడు చాలామటుకు చల్లపూటే అయిపోతుంది. ఎండ ముదిరే వేళకు దిగుడు మిగులుతుంది.

మూడోది నీడ. పోలీస్ అకాడమీ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు పొడవునా వందల మర్రిచెట్లున్నాయి. ఎనిమిది దాటాక ఆ నీడ కావాలి గానీ అయిదింటికి దానితో పనేముంది? ఆ రోడ్డు అయిపోయిన వెంటనే మళ్లీ ట్రాక్ కప్పు కిందికి వచ్చేస్తాం. వేడి గంటల్లో నీడ ఉండేలా దారిని తిప్పుకోవడమే ఈ ప్లానులో అసలు సంగతి.

వేళలు ఇలా పడతాయి. నర్సింగి 4:45, కొల్లూరు 5:30, శంకర్‌పల్లి 6:25, చేవెళ్ల 7:25. అక్కడ అరగంట టిఫిను. 7:55కి లేస్తే మొయినాబాద్ 8:35, అకాడమీ జంక్షన్ 9:10, నర్సింగి 9:35. కదిలే వేగం సగటున గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. పదికీ 9:35కీ మధ్య ఉన్న ఆ పాతిక నిమిషాలు పంక్చర్లకు. రెండు పంక్చర్లు పడితే అవీ అయిపోతాయి.

కటాఫ్‌లు మూడు. శంకర్‌పల్లి 6:45, చేవెళ్ల 7:50, మొయినాబాద్ 9:00. ఆ సమయానికి అక్కడికి చేరని మనిషీ సైకిలూ మా వెంట వచ్చే బండెక్కాల్సిందే. "అన్నా, నేను బాగానే ఉన్న, ఇంకో పది కిలోమీటర్లే గదా" అంటారు. అన్న మనిషి నిజంగా బాగానే ఉండొచ్చు కూడా. కానీ వెనకబడినవాళ్లే ఎక్కువసేపు ఎండలో ఉంటారు, ఎండలో ఉన్నకొద్దీ ఇంకా వెనకబడతారు. అక్కడికక్కడ మనిషి ముఖం చూసి తేల్చబోతే ప్రతిసారీ మొహమాటం గెలుస్తుంది. గడియారానికి మొహమాటం ఉండదు గనక దానికే వదిలేశాం. ఈ ముక్క పేర్లు రాసుకునే రోజే అందరికీ చెప్తాం, రోడ్డు మీద చెబితే గొడవవుతుంది.

మనుషులు 24కి మించకూడదు. ఎనిమిదేసి మందితో మూడు గుంపులు, గుంపుకూ గుంపుకూ మధ్య రెండు నిమిషాల ఎడం. ప్రతి గుంపుకూ ముందొక పైలట్, ఆఖర్న ఒక స్వీప్. స్వీప్ అంటే వెనకబడ్డ బలహీనుడు అనుకుంటారు. నిజానికి గుంపులో బలమైన కాళ్లున్నవాళ్లే స్వీప్‌గా ఉండాలి. పంక్చర్ దగ్గర పావుగంట ఆగి, మళ్లీ గుంపును అందుకోవాల్సింది వాళ్లే. పంక్చర్ వేయడం రాని మనిషిని స్వీప్‌గా పెట్టం.

నీళ్ల లెక్క ఇది. వేసవి పొద్దున ఒక మనిషికి గంటకు సుమారు 600 మిల్లీలీటర్లు, అయిదు గంటలకు 3 లీటర్లు. 24 మందికి 72. ప్రతి సైకిల్‌కూ రెండు 750 బాటిళ్లు తప్పనిసరి, అవి 36 లీటర్లు మోస్తాయి. మిగతా 36 కోసం వెంట వచ్చే బండిలో రెండు 20 లీటర్ల క్యాన్లు. ముఖాల మీద, మెడల మీద పోసుకోవడానికి మరో క్యాను వేరే పెట్టుకోవాలి. ఇది మరిచిపోతే తాగే నీళ్లే నెత్తిన పోసుకుంటారు, చేవెళ్ల తర్వాత బండి ఖాళీ. థర్మకోల్ పెట్టెలో అయిదు కిలోల ఐసు వేసుకుంటే చివరి గంటకు కూడా సగం మిగులుతుంది. ఆ ఐసు తాగడానికి కాదు, రుమాళ్లు తడపడానికి.

ఉత్త నీళ్లతో అయిదు గంటలు నడవదు. చెమటతో ఉప్పు పోతుంది. పోయిన ఉప్పు వెయ్యకుండా నీళ్లే తాగుతుంటే రక్తంలో సోడియం పలచబడుతుంది, తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది, ఇంకా నీళ్లు తాగిస్తే మరింత ముదురుతుంది. అందుకే రెండు బాటిళ్లలో ఒకటి నీళ్లు, ఒకటి ఓఆర్ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లకు పొడి మొత్తం 20.5 గ్రాములు: ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. ప్యాకెట్ వెనక ఈ అంకెలు చూసి కొనండి. లీటరు ప్యాకెట్‌ను 750 బాటిల్‌లో మొత్తం పోసేస్తే చిక్కనైపోయి కడుపులో తిప్పుతుంది. ఇంట్లోనే లీటరు కలిపి బాటిల్ నింపుకుని, మిగిలింది బయల్దేరేముందు తాగడం మేలు. పేరు మీద ఓఆర్ఎస్ అని రాసుకుని చక్కెర నీళ్లు అమ్మిన డబ్బాలు ఏళ్ల తరబడి మందుల దుకాణాల్లోనే దొరికాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని ఆపేసింది. ఎండలో తిరిగే ప్రతి ఒక్కరూ ఆమెకు రుణపడి ఉన్నారు. బీపీ, షుగరు, కిడ్నీ మందులు వాడేవాళ్లు మాత్రం ఎంత తాగాలో తమ డాక్టరును ముందే అడిగి రావాలి.

కొబ్బరినీళ్లు చాలవా అని అడుగుతుంటారు. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. బోండాం తాగండి, మంచిదే, కానీ ఓఆర్ఎస్ బదులు కాదు. ఉప్పు వేసిన పల్చటి సల్ల అంతకన్నా పనికొస్తుంది, చేవెళ్లలో ఆగినప్పుడు ఒక గ్లాసు అందరికీ పోస్తాం. బాటిల్ విషయంలో ఇంకొక్క మాట: మూతి మీద టోపీ ఉన్న బాటిలే తేవాలి. ఊళ్లలోకి వెళ్తే రోడ్డు మీద పేడ ఉంటుంది, ముందు చక్రం చిమ్మేది సూటిగా బాటిల్ మూతికే.

ఇక సైకిల్. ముందురోజు సాయంత్రం చూసుకోవాల్సినవి మూడు: గాలి, బ్రేకు, చైను.

గాలి దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరైతే 75 నుంచి 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), 38 ఉన్న హైబ్రిడ్‌కు 50 నుంచి 55, లావు ఎంటీబీ (కొండదారుల సైకిల్) టైరుకు 35. టైరు గోడ మీద అచ్చు వేసిన అంకె గరిష్ఠం, అంత నింపమని కాదు. తెల్లవారి 27 డిగ్రీల్లో 80 నింపిన టైరు, ఎండలో రోడ్డు కాక ఎక్కి 60 డిగ్రీలకు చేరితే లోపల 90 అవుతుంది. మంచి టైరు ఆ పది తట్టుకుంటుంది. తట్టుకోనిది పాత ప్యాచ్. ముఖ్యంగా జిగురు రాయకుండా స్టిక్కర్‌లా అంటించే ప్యాచ్‌లు కాకకు మెత్తబడి అంచు లేస్తాయి. వేసవికి ముందు అలాంటివి ఉన్న ట్యూబులు మార్చేయాలి. సైకిల్‌ను కారులో పడేసి, అద్దాలు మూసి, ఎండలో ఆపడం అన్నిటికన్నా చెడ్డది. రోడ్డు మీద పేలని ట్యూబు అక్కడ పేలుతుంది. ట్యూబ్‌లెస్ వాడేవాళ్లు సీలెంట్‌ను, అంటే చిల్లు పూడ్చేందుకు టైరులో పోసే ద్రవాన్ని, కదిపి చూసుకోవాలి. మామూలుగా మూడు, నాలుగు నెలలకు ఆరేది, ఈ ఎండల్లో రెండు నెలలకే జిగురు ముద్దయిపోతుంది. చక్రం చెవి దగ్గర పెట్టుకుని ఊపితే బుడబుడ వినబడాలి.

గాలి తక్కువ పెట్టుకుంటే కుదుపు ఉండదని కొందరు మరీ తగ్గిస్తారు. గుంతలో దిగినప్పుడు రిమ్ము అంచు ట్యూబును నొక్కుతుంది, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. రెండు చిల్లులు కనబడితే ముల్లు కోసం వెతకొద్దు, తప్పు గాలిది.

చైనుకు వేసవిలో తడి నూనె వద్దు. శంకర్‌పల్లి దాటాక పక్క దారుల్లో ఎర్రమట్టి దుమ్ము నూనెకు పట్టి గరుకు పేస్టు అవుతుంది, గంటలో పళ్లు అరగడం మొదలవుతుంది. మైనం ఉన్న పొడి లూబ్ ముందురోజు రాత్రి చుక్కచుక్క ప్రతి లింకు మీదా వేసి, ఆరనిచ్చి, పైన గుడ్డతో తుడిచెయ్యాలి. పొద్దున వేసి బయల్దేరితే అది లోపలికి దిగదు, పైపైనే దుమ్ము పడుతుంది.

బండిలో పెట్టేవి: ఫ్లోర్ పంప్ ఒకటి, వచ్చే సైకిళ్ల సైజులన్నిటికీ రెండేసి ట్యూబులు, సన్న వాల్వూ బైకు వాల్వూ రెండు రకాలవీ. ఎనిమిది నుంచి పదకొండు స్పీడు దాకా చైన్ క్విక్ లింకులు, చైన్ టూలు, పాత టైరు ముక్కలు, జిప్ టైలు, ఇన్సులేషన్ టేపు, అలెన్ కీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె. టైరు ముక్క ఎందుకంటే, గాజుపెంకు టైరును కోసేస్తే ఆ కోతలోంచి ట్యూబు బుడగలా బయటికొస్తుంది. లోపలివైపు ఈ ముక్క అడ్డం పెడితే ఇంటిదాకా వస్తుంది. ప్రతి మనిషి దగ్గరా తన సైజు ట్యూబు ఒకటి, టైరును రిమ్ము నుంచి ఊడదీసే లివర్లు రెండు, చిన్న పంపు ఉండాలి. బండి ప్రతి పంక్చర్ దగ్గరికీ రాదు.

దీపాల గురించి చిన్న మాట. గుంపులో వెనక ఎర్ర దీపం మినుకు మినుకుమంటే వెనకవాడి కళ్లు చెదురుతాయి. స్వీప్ ఒక్కడిదే మినుకుతుంది, మిగతావన్నీ నిలకడగా వెలగాలి.

కొల్లూరులో ట్రాక్ దిగాక వెలుగు వచ్చేదాకా ఆగుతాం. ఆ పదినిమిషాలూ వృథా అనిపిస్తుంది కానీ, ఏప్రిల్, మే నెలల్లో ఊరి రోడ్ల మీద చీకట్లో పోకూడదనడానికి గట్టి కారణం ఉంది. యాసంగి కోతలు అయ్యాక రైతులు వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. రాత్రికి కుప్పగా పోసి, నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. రోడ్డు సగం దాకా వచ్చిన ఆ నల్ల కుప్ప సైకిల్ దీపానికి పది అడుగుల దూరం వచ్చేదాకా కనబడదు. రాయి తగిలితే ముందు చక్రం అక్కడికక్కడ ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు. వెలుగొచ్చాక కూడా వడ్ల మీదికి ఎక్కించకూడదు. గింజలు తారు మీద గోళీల్లా దొర్లుతాయి, బ్రేకు వేస్తే జారుడే. అన్నిటికీ మించి అది ఒక ఇంటి ఆరు నెలల కష్టం, అమ్మకానికి తేమ తగ్గాలని ఆరబెట్టింది. దిగి, అవతలి అంచు వెంట నడిపించుకు పోవడం మా రైడ్‌లో నియమం. కుప్ప దగ్గర కాపలా ఉన్న పెద్దాయనకు ఒక నమస్తే పెడితే, ముందు ఇంకెక్కడెక్కడ వడ్లు పోశారో ఆయనే చెప్తాడు.

ఆ వేళకు కుక్కలు కూడా చికెన్ షాపుల ముందు గుంపుగా ఉంటాయి. తరిమితే వేగం పెంచకూడదు. గుంపులో ముందువాడు వేగం పెంచితే కుక్క వెనకవాడి మీదికి పోతుంది. నెమ్మదించి, అందరూ కలిసి, గట్టిగా "హేయ్" అంటే చాలా కుక్కలు ఆగిపోతాయి. ఆగకపోతే దిగి సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకోవాలి. బాటిల్ తీసి విసిరితే ఓఆర్ఎస్ పోతుంది.

శంకర్‌పల్లి నుంచి చేవెళ్లకు సుమారు 18 కిలోమీటర్లు. ఈ రైడ్‌లో పల్లె అంటే ఇదే ముక్క. మధ్యలో మూసీ దాటుతాం, వేసవిలో అది చాలామటుకు ఇసుకా రాళ్లే. టమాటా తోటలు, పూలతోటలు, మామిడి తోపులు, పాలక్యాన్లతో ఎదురొచ్చే బైకులు. నగరానికి ఇంత దగ్గర్లో ఇంకా ఇలా పొలాలు మిగిలాయంటే అందులో జీవో 111 పాలు పెద్దది. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులకు నీళ్లొచ్చే దారిని కాపాడటానికి 1996లో వచ్చిన ఆ ఉత్తర్వు 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను ఆపింది. 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ మరో జీవో వచ్చింది. దారి పక్కన వెంచర్ల బోర్డులు ఏటా పెరుగుతున్నాయి. చూడాలనుకున్నవాళ్లు ఇప్పుడే చూడాలి.

పంక్చర్లు పడేది కూడా ఎక్కువగా ఇక్కడే, కారణం పల్లేరు. రోడ్డు అంచున నేల మీద పాకే చిన్న పసుపు పూల తీగ అది. వేసవికి ఎండి కాయలు విచ్చుకుంటాయి. ఎలా పడినా ఒక ముల్లు పైకి చూసేలా ఉంటుంది దాని కాయ. ఎదురుగా లారీ వచ్చిందని తారు దిగి మట్టిలోకి పోతే ముందు వెనక రెండు టైర్లలోనూ దిగుతుంది. తారు దిగి మళ్లీ ఎక్కిన ప్రతిసారీ ఆగి టైరు మీద చేతి గ్లవుసుతో తుడవండి. కాయ అప్పటికి ఇంకా రబ్బరులో సగమే దిగి ఉంటుంది, ఒక్క చుట్టు తిరిగితే పూర్తిగా దిగుతుంది.

పంక్చర్ పడితే ముగ్గురే ఆగుతారు: సైకిల్ మనిషి, స్వీప్, ఇంకొకరు. మిగతావాళ్లు ముందున్న చెట్టు దాకా పోవాలి. అందరూ చుట్టూ నిలబడి సలహాలిస్తుంటే ఎనిమిది మందికి ఎండ తగులుతుంది, పని మాత్రం ఒక్కడిదే.

వెనక చక్రమైతే మొదట చైనును అతిచిన్న పళ్ల చక్రం మీదికి దించి విప్పాలి. ట్యూబును టైరులోంచి లాగేటప్పుడు ఏ వైపు ఎటు ఉందో తప్పకూడదు, వాల్వు దగ్గర టైరు మీది పేరు ఉండేలా ముందే బిగించుకునే అలవాటు ఇక్కడ పనికొస్తుంది. ట్యూబుకు గాలి కొట్టి, చెంప దగ్గరగా తిప్పితే చిల్లు ఎక్కడో చల్లగా తగులుతుంది. వాల్వు నుంచి ఆ చిల్లు ఎన్ని జానలుందో టైరు మీద అంతే కొలిస్తే ముల్లున్న చోటు దొరుకుతుంది. వేలితో తడమొద్దు, గాజు ఉంటే వేలు తెగుతుంది. రుమాలుతో లోపలంతా తుడవాలి, దారం ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు. పల్లేరు ముల్లు బయట విరిగిపోయి లోపల గుండుసూది తలంత మొన మాత్రమే మిగులుతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. లోపలి నుంచి సేఫ్టీ పిన్నుతో బయటికి నెట్టాలి. ఇది తియ్యకుండా కొత్త ట్యూబు వేసేయడం వల్లే అరకిలోమీటరులో మళ్లీ పంక్చర్ అవుతుంది, జనం ట్యూబును తిడతారు.

కొత్త ట్యూబును ముందు రెండు దెబ్బలు గాలి కొట్టి గుండ్రంగా చేసుకుని, వాల్వు పెట్టి, టైరు అంచును రెండు వైపుల నుంచీ చేతులతోనే ఎక్కించుకుంటూ వాల్వు దగ్గర ముగించాలి. ఆఖర్న లివర్ వాడితే ట్యూబు నలిగి చిరుగుతుంది. వాల్వును ఒకసారి పైకి నెట్టి, చుట్టూ రెండు వైపులా టైరు కింద ట్యూబు ఇరుక్కుందేమో చూశాకే గాలి. చిన్న పంపుతో కొట్టేటప్పుడు వాల్వు పక్కకు ఊగకుండా ఒక చేత్తో గట్టిగా పట్టుకోవాలి, సన్న వాల్వు మొదలు చిరిగేది ఆ ఊపుకే. అలవాటైన చేతికి మొత్తం ఎనిమిది నిమిషాలు. దారిలో ప్యాచ్ వేయం, ట్యూబే మారుస్తాం.

ఎడమకు పడ్డ సైకిల్‌తో పెద్ద చిక్కు ఉండదు. కుడికి, అంటే గేర్ల వైపు పడితే మాత్రం లేపి అలాగే తొక్కొద్దు. చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే గేరును పట్టుకున్న హ్యాంగర్ మెత్తటి లోహం, వంగిపోతుంది. బాగానే నడుస్తున్నట్టుంటుంది, ఎక్కుడు రాగానే పెద్ద పళ్ల చక్రానికి మారిస్తే గేరు చువ్వల్లోకి పోయి విరుగుతుంది. వెనక నుంచి చూసి, గేరు పళ్ల చక్రాలకు సమాంతరంగా లేకపోతే పెద్ద చక్రాలు రెండూ వాడకుండా ఇంటికి రావాలి.

చేవెళ్లలో టిఫిను ఇడ్లీ, ఉప్మా, అరటిపండు. పూరీ, బోండా, మైసూర్ బజ్జీ వద్దంటాం, నూనె కడుపులోనే ఉండిపోయి మొయినాబాద్ దగ్గర వాంతి అవుతుంది. కొబ్బరి చట్నీ వేసవిలో త్వరగా పులుస్తుంది, పల్లీ చట్నీయో కారప్పొడియో మేలు. ఆకలైనప్పుడు తిందామనుకుంటే ఆలస్యమైపోతుంది. గంటకు ఒక అరటిపండు, ఒక పల్లీపట్టీ చొప్పున మొదటి గంట నుంచీ తినాలి. రోడ్డు పక్కన తాటి ముంజలు దొరికితే ఆగి తినొచ్చు.

లేచేముందు అందరి హెల్మెట్ పట్టీలు చూస్తాం. తెల్లవారుజామున గాలిలో తేమ ఉంటుంది, చెమట కారుతూ కనబడుతుంది. ఎనిమిది దాటాక గాలి పొడిబారి, చెమట పట్టగానే ఆరిపోతుంది. "నాకు చెమటే పడ్తలేదు" అంటారు. పట్టీ మీద, టీషర్టు వీపు మీద చూస్తే తెల్లటి ఉప్పు గీతలు మ్యాపులా ఉంటాయి. గీత ఎంత మందంగా ఉంటే ఆ మనిషికి అంత ఓఆర్ఎస్ కావాలి.

చేవెళ్ల నుంచి ఒంటి వరుస. పక్కపక్కన ఇద్దరు తొక్కడం ఆ రోడ్డు మీద కుదరదు. ముందు సైకిల్ చక్రానికి అంటుకుని పోతే శ్రమ తగ్గుతుంది కానీ గాలి తగలదు, వేడి పెరుగుతుంది. అందుకే రెండు సైకిళ్ల పొడవు ఎడం. ఇక్కడ ఒక విచిత్రం కూడా ఉంది. పడమటి గాలి వీచే రోజుల్లో తూర్పుకు తిరిగి వస్తుంటే గాలి వీపు మీద ఉంటుంది. సైకిల్ 20లో పోతూ, గాలీ ఇంచుమించు అంతే వీస్తే ముఖానికి గాలే తగలదు. సులువుగా తొక్కుతున్నామనుకుంటూనే ఒళ్లు ఉడికిపోతుంది. అలాంటి రోజు ప్రతి అయిదు కిలోమీటర్లకూ మర్రి కింద ఆగి మెడ తడుపుకోవాల్సిందే.

మర్రి నీడకూ ఒక ప్రమాదం ఉంది. ఎండ మచ్చ, నీడ మచ్చ మారి మారి వస్తుంటే నల్ల కళ్లద్దాల్లోంచి గుంత కనబడదు. పైలట్ "గుంత ఎడమ", "ఇసుక", "బండి ఎనక" అని గట్టిగా అరవాలి, విన్న ప్రతివాడూ వెనక్కి అందించాలి. చెయ్యి చూపిస్తే చాలదు, నీడలో చెయ్యి కూడా కనబడదు. రోడ్డు వెడల్పు పనులు జరిగే చోట కంకర ఉంటుంది, అక్కడ వేగం పదికి దించి, వంగకుండా నిటారుగా దాటాలి.

ఎండ దెబ్బ మొదట మాటతీరులో కనబడుతుంది. మాట్లాడే మనిషి మౌనమవుతాడు, అడిగిన దానికి పొంతన లేని జవాబు చెప్తాడు. ఎండలో ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని చలిగా ఉందంటే వెంటనే ఆపేయాలి. స్వీప్ పని ప్రతి పావుగంటకు ఒక్కొక్కరి పక్కకు వచ్చి "నీళ్లు తాగినవా అన్నా? ఎంత మిగిలింది?" అని అడగడం. జవాబు కన్నా జవాబిచ్చే తీరు వినాలి. తలనొప్పి, వికారం దగ్గరే ఆగితే నీడ, ఓఆర్ఎస్, తడి రుమాలుతో అరగంటలో తేరుకుంటారు. తేరుకున్నా మళ్లీ తొక్కనివ్వం, బండే. తికమక, తూలడం, స్పృహ తప్పడం ఉంటే అది వడదెబ్బ, 108కి ఫోన్. ఫోన్ ఒకరు చేస్తుంటే ఇంకొకరు చల్లబరచడం మొదలుపెట్టాలి. హెల్మెట్, షూస్ తీసేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు రుమాళ్లు పెట్టి, అట్టతో విసరాలి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

బట్టల సంగతి చెప్పుకోవాల్సింది కొంచెమే. లేత రంగు, పొడుగు చేతులు, హెల్మెట్ కింద తడిపిన పల్చటి గుడ్డ. సన్‌స్క్రీన్ నుదుటికి రాస్తే చెమటతో కళ్లలోకి దిగి మంట పెడుతుంది, మెడ వెనక, చెవులకు, ముంజేతులకు రాస్తే చాలు. ఏసీ గదుల నుంచి నేరుగా ఈ రైడ్‌కు రావొద్దు. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ముందు రెండు వారాలు పొద్దున గంటసేపైనా బయట తొక్కి రావాలి.

నర్సింగి చేరాక ఇంటికి వెళ్లి బరువు చూసుకోమంటాం. బయల్దేరేముందు చూసుకున్న బరువుతో పోలిస్తే 70 కిలోల మనిషి 1.4 కిలోలకు మించి తగ్గితే తాగింది చాలలేదని లెక్క. పెరిగితే నీళ్లు మరీ ఎక్కువయ్యాయని. ఆ అంకెలు గ్రూపులో పెడితే వచ్చే రైడ్‌కు క్యాన్లు ఎన్నో తేలుతుంది. సైకిల్‌ను ఎండలో ఆపకుండా నీడలో పెట్టి, చైను దుమ్ము పొడి గుడ్డతో దులిపాక, దారిలో తీసిన ట్యూబును బకెట్ నీళ్లలో ముంచి చూడాలి. బుడగ వచ్చిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, పల్చగా జిగురు పూసి, వేలికి అంటుకోకుండా ఆరాక ప్యాచ్ నొక్కాలి. రాత్రంతా కొంచెం గాలితో వదిలేసి, పొద్దున్నే మళ్లీ బకెట్‌లో ముంచాలి. బుడగ రాకపోతే మడతపెట్టి, మొనలు గుచ్చుకోకుండా పాత సాక్సులో చుట్టి సీటు సంచిలో పెట్టుకుంటే వచ్చే ఆదివారానికి ట్యూబు సిద్ధం.